సింకు వెనక గీత: సొంతంగా మార్చుకున్న వంటగదిలో సిలికాన్ ఎందుకు ఊడింది

భార్యాభర్తలిద్దరూ కలిసి తమ వంటగదిని తామే మార్చుకున్నారు. పాత క్యాబినెట్లు పీకేసి కొత్త ప్లైవుడ్ క్యాబినెట్లు బిగించారు, గోడకు టైల్స్ అంటించారు. గ్రానైట్ పలక కోయించి పరిపించడం ఒక్కటే బయటివాళ్ల చేత చేయించారు. అన్నీ అయ్యాక గ్యాపులు మూసే రబ్బరులాంటి సిలికాన్, ఒకే రకం తెల్ల ట్యూబులు తెచ్చి, కనిపించిన ప్రతి గ్యాపుకూ కొట్టేశారు. కొన్ని నెలలు తిరిగేసరికి సింకు వెనక, గ్రానైట్ మీద టైల్ ఆనే చోట, సన్నటి గీత తెరుచుకుంది. దాని మీద ఇంకో పొర వేశారు. ఆ పొర మొదటిదానికంటే తొందరగా ఊడింది. నన్ను పిలిచేనాటికి సింకు కింద క్యాబినెట్ వెనక ప్లై అంచు ఉబ్బిపోయి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగుతోంది.

ఇలాంటి జాయింట్ల పనే నాది. ఫోన్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కంపెనీ సిలికాన్ మంచిదండీ?" దాదాపు అందరూ ఇదే అడుగుతారు. వాళ్లు వాడినది మంచి సరుకే. గడువు తేదీ కూడా దాటలేదు. ఇక్కడ జరిగిన తప్పులన్నీ ట్యూబు మూతి కోయకముందే జరిగిపోయాయి.

ఊడిన పట్టీని చదవడం

ఊడిన సిలికాన్‌ను వెంటనే పీకి చెత్తబుట్టలో పడేస్తారు. అలా చేయకండి, కేసులో సగం సాక్ష్యం అందులోనే ఉంటుంది. బ్లేడుతో ఒక చివర లేపి లాగితే మూరెడు పట్టీ ఒక్క పట్టున వచ్చేసింది. గట్టిగా అంటుకున్న సిలికాన్ అంత మర్యాదగా రాదు, ముక్కలు ముక్కలుగా తెగుతూ ప్రాణం తీస్తుంది. పట్టీని అరచేతిలో పెట్టి టార్చి వేసి చూశాం. టైల్‌కు అంటుకున్న అంచు చిరిగి గరుకుగా ఉంది. గ్రానైట్ వైపు అంచు మాత్రం నున్నగా మెరుస్తోంది, దాని మీద బూడిదరంగు పొడి పలచగా పట్టి ఉంది. వేలితో రాస్తే వేలికి అంటింది. అది గ్రౌట్ పొడి, అంటే టైల్స్ సందుల్లో నింపే సిమెంటు ముద్ద తాలూకు పొడి. ఇక వెనక వైపున, అంటే గ్యాపు లోపలికి ఉన్న వైపున, గట్టి గ్రౌట్ పెళ్లలు అతుక్కుని వచ్చాయి.

సిలికాన్ జాయింటు పాడయ్యే తీరు మూడు రకాలు. ఏదో ఒక ముఖం నుంచి శుభ్రంగా విడిపోతే అంటుకోవడంలోనే లోపం ఉన్నట్టు. దుమ్ము, తడి, నూనె జిడ్డు, పాత సిలికాన్, ఏదో ఒకటి అడ్డుపడి ఉంటుంది. రెండు ముఖాలకూ పట్టుకునే ఉండి నడిమధ్యలో చిరిగితే, కదలిక దాని శక్తికి మించిందని అర్థం. సిలికాన్ బాగానే ఉండి, దాంతోపాటు గోడ పెయింటో ప్లాస్టరో ఊడివస్తే, బలహీనత కిందున్న సరుకుది. సింకు వెనక మొదటి రకం కనిపించింది. పలక చివర పక్క గోడను చేరే చోట రెండో రకం, పట్టీ నిలువునా మధ్యలో చీలి ఉంది. ఒకే ట్యూబు, ఒకే చెయ్యి, ఒకే రోజు పని. అయినా రెండు చోట్ల రెండు రకాలుగా పోయిందంటే కారణాలు కూడా రెండు ఉండాలి.

గ్రౌట్ పెళ్లల సంగతి అడిగితే ఆయన వెంటనే చెప్పారు. టైల్స్ మధ్య గ్రౌట్ నింపుతూ, అదే ఊపులో గ్రానైట్‌కూ టైల్‌కూ మధ్య ఉన్న గ్యాపును కూడా నింపేశారు. అది ఆరాక పైన సిలికాన్ గీశారు. "రెండు ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది కదండీ" అన్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

గ్రౌట్ సాగదు. రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట, లేదా రెండు తలాలు మూల తిరిగే చోట, అది ఏదో ఒకరోజు వెంట్రుకవాసి బీటలు వారుతుంది. అందుకే టైల్ కౌన్సిల్ ఆఫ్ నార్త్ అమెరికా హ్యాండ్‌బుక్‌లోని ఈజే171 అనే విభాగం, తలం మారే ప్రతిచోటా గ్రౌట్‌కు బదులు సిలికాన్ లాంటి సాగే సీలెంట్ పెట్టమంటుంది. గ్రౌట్ మీదే సిలికాన్ గీస్తే సిలికాన్ మూడు ముఖాలకు అంటుకుంటుంది: పైన టైల్, కింద గ్రానైట్, వెనక గ్రౌట్. రబ్బరు బ్యాండును రెండు చివర్లు పట్టుకుని లాగితే బ్యాండు మొత్తం సాగుతుంది. దాన్నే బల్లకు బంకతో అంటించేసి, బల్ల మధ్యలో చీలిందనుకోండి, ఆ చీలిక మీదున్న ఇంత ముక్క మాత్రమే సాగాలి. సాగలేదు, తెగుతుంది, లేదంటే అంచు నుంచి లేస్తుంది. మూడు మి.మీ. గ్యాపు ఉండీ లేనట్టే అయింది. కదలిక అంతా వెంట్రుకవాసి బీట మీద పడింది.

అసలు కదిలిందేమిటి?

మొదట నేను చూసినప్పుడు గీత దాదాపు మూసుకునే ఉంది. అప్పటిదాకా మాట్లాడకుండా నిలబడ్డ ఆవిడ అన్నారు: "పొద్దున్న చూస్తే ఇలాగే ఉంటుందండీ. సింకు నిండా నీళ్లు పట్టి గిన్నెలు నానేసినప్పుడే తెరుచుకుంటుంది." ఆయన "నీకలా అనిపిస్తుందిలే" అని కొట్టిపారేశారు. నాకు మాత్రం ఆ మాట చాలా విలువైనదిగా తోచింది. జాయింటు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలిస్తే దాన్ని ఏది తెరుస్తోందో తెలిసిపోతుంది.

సింకుకు బిరడా పెట్టి నింపాం. నలభై లీటర్ల సింకు నిండితే నలభై కిలోలు, గిన్నెల బరువు అదనం. ముందు గీతలోకి అంచు కూడా దూరని విజిటింగ్ కార్డు, సింకు నిండాక ఏ అడ్డూ లేకుండా దూరింది. అంటే సుమారు 0.3 మి.మీ. పలక కిందికి దిగుతోంది.

పలక దిగాలంటే కింద క్యాబినెట్ దిగాలి. ముందు వైపు క్యాబినెట్ కాళ్లను దాచే అడుగు పట్టీని ఊడదీసి, నేల మీద పడుకుని టార్చి వేశాను. క్యాబినెట్లు తిప్పి ఎత్తు సర్దుకునే ప్లాస్టిక్ కాళ్ల మీద ఉన్నాయి. ముందు వరుస కాళ్లు నేలను గట్టిగా పట్టుకున్నాయి. వెనక వరుసలో, సరిగ్గా సింకు కింద, రెండు కాళ్లు గాల్లో ఉన్నాయి. వాటి కింద కాగితం పెట్టి లాగితే హాయిగా జారింది. ముందు కాళ్లు చేతికి అందుతాయి కాబట్టి లెవెల్ చూసి సరిచేశారు, వెనకవి అందక వదిలేశారు. దాంతో వెనక భాగం గోడకు కొట్టిన స్క్రూల మీద వేలాడుతోంది. పైగా సింకు కోసం కోసిన చోట, వెనక మిగిలేది నాలుగు వేళ్ల వెడల్పు గ్రానైట్ పట్టీ. మొత్తం పలకలో అతి బలహీనమైన చోటు అదే. సిలికాన్ ఊడింది సరే, ఆ పట్టీ చిట్లి ఉంటే ఖర్చు, టెన్షన్ వేరే స్థాయిలో ఉండేవి.

వెనక కాళ్లు సరిచేయడం చిన్న పనే అయినా తొందర పనికిరాదు. కాలు నేలకు ఆనాక ఇంకో పావు చుట్టు ఎక్కువ తిప్పితే అది క్యాబినెట్‌ను పైకి నెడుతుంది, క్యాబినెట్ పలకను నెడుతుంది, పలక చిట్లుతుంది. సింకు ఖాళీగా ఉన్నప్పుడు, కాగితం లాగితే బిగువుగా వచ్చేంతవరకే తిప్పాం. మళ్లీ సింకు నింపి కార్డు పెట్టి చూస్తే దూరలేదు.

ఇక పక్క గోడ దగ్గర చీలిన పట్టీ సంగతి. అక్కడ బరువుతో పని లేదు, వేడితో ఉంది. గ్రానైట్ ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మీటరుకు ఇంచుమించు 0.008 మి.మీ. పెరుగుతుంది. పలక పొడవు రెండున్నర మీటర్లు. చలి పొద్దుకూ స్టవ్ వెలిగి ఎండ పడే మధ్యాహ్నానికీ మధ్య ఇరవై డిగ్రీల తేడా అనుకుంటే 0.4 మి.మీ. మంచి సిలికాన్ ట్యూబుల మీద ఏఎస్‌టీఎం సీ920 ప్రమాణం ప్రకారం క్లాస్ 25 అనో, ఐఎస్ఓ 11600 ప్రకారం 25 అనో ఉంటుంది. గ్యాపు వెడల్పులో 25 శాతం మేర సాగడం, 25 శాతం మేర నలగడం అది తట్టుకుంటుందని దాని అర్థం. పలక మూలకూ గోడకూ మధ్య ముందు వైపు ఉన్న గ్యాపు ఒకటిన్నర మి.మీ. మాత్రమే. అందులో 25 శాతం అంటే 0.375. అవసరం 0.4, ఉన్నది 0.375. ఇది కాగితం మీద వేసిన మోటు లెక్కే, కానీ చీలిక ఎక్కడ మొదలైందో చూస్తే సరిగ్గా ఆ ఇరుకు చోటే.

గ్యాపు సన్నగా ఉంటే అందంగా ఉంటుందని అందరూ దాన్ని కుదించాలని చూస్తారు. సీలెంట్‌కు అది పెద్ద శిక్ష. గ్రానైట్‌ను కోయలేం, కాబట్టి గోడ వైపు ప్లాస్టర్‌ను కటర్‌తో కొద్దిగా చెక్కి గ్యాపును ఐదు మి.మీ. చేశాం. ఇప్పుడు దానికి 1.25 మి.మీ. వరకు వెసులుబాటు ఉంది.

అన్నింటికీ ఒకే ట్యూబు

వాళ్లు వాడినది వెనిగర్ వాసన వచ్చే రకం. ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది కాబట్టి ఆ వాసన. గాజుకూ, గ్లేజు టైల్‌కూ ఇది చక్కగా పట్టుకుంటుంది. పాలరాయి, సున్నపురాయి లాంటి కాల్షియం రాళ్లను ఆ ఆమ్లం తినేస్తుంది, రాగినీ జింకు పూత పూసిన ఇనుమునూ తుప్పు పట్టిస్తుంది. గ్రానైట్‌ను ఆమ్లం అంతగా ఏమీ చేయదు, కానీ ఇక్కడ ఇంకో బాధ వచ్చింది. సిలికాన్ పొడవునా గ్రానైట్ మీద తడి ఆరనట్టు ఒక నల్లటి అంచు కనిపిస్తోంది. వాళ్లు అది నీటి మరక అనుకుని రోజూ తుడుస్తున్నారు. సిలికాన్‌లో ఉండే నూనెలాంటి పదార్థం రాతి సూక్ష్మరంధ్రాల్లోకి ఇంకితే ఇలా అవుతుంది. ఆమ్లం వదలని న్యూట్రల్ రకం వాడినా, అది రాతికి తగినదని ట్యూబు మీద రాసి లేకపోతే, ఇదే మరక రావచ్చు. సింకు కోసం పలకలో కోసిన ముక్కను పారేయకుండా దాచుకోమని నేను చెప్పేది ఇందుకే. కొనబోయే సిలికాన్‌ను ఆ ముక్క మీద ఒక గీత గీసి, కొన్నాళ్లు వదిలేసి చూస్తే రాయి ఏమంటుందో తెలుస్తుంది. అదృష్టవశాత్తూ వీళ్ల దగ్గర ఆ ముక్క స్టూలు పైపలకగా పనిచేస్తూ ఉంది.

మరకను లాగడానికి తెల్ల బంకమట్టి పొడిని అసిటోన్‌తో ముద్దలా కలిపి, మరక మీద పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి, తర్వాత కప్పు తీసి ఆరనిచ్చాం. అసిటోన్ ఆవిరికి చటుక్కున నిప్పంటుకుంటుంది. గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి చేయాల్సిన పని ఇది. మరక బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పోతుందని నేను ముందే మాట ఇవ్వలేదు.

పై క్యాబినెట్లకూ గోడకూ మధ్య గ్యాపులో కూడా ఇదే సిలికాన్ కొట్టి, దాని మీద గోడ పెయింటు వేశారు. పెయింటు బిందువులు బిందువులుగా విడిపోయి, చేప కళ్లలా గుంటలు పడింది. సిలికాన్ మీద పెయింటు నిలవదు. అక్కడ కావలసింది అక్రిలిక్ సీలెంట్. నీళ్లతో తుడుచుకోవచ్చు, ఆరాక పెయింటు వేయవచ్చు. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి కొంచెం నిండుగా వేయాలి. నీళ్లు నిలిచే చోట మాత్రం దాని జోలికి పోవద్దు.

గ్యాస్ హాబ్, అంటే గ్రానైట్‌లో దింపిన స్టవ్, చుట్టూ కూడా సిలికాన్ కొట్టేశారు. చాలా హాబ్‌లకు కంపెనీయే అడుగున అంటించే ఫోమ్ పట్టీ ఇస్తుంది. ఆ పట్టీ ఇంకా డబ్బాలోనే ఉంది. రేపు బర్నర్ రిపేరుకు హాబ్‌ను లేపాలంటే గ్రానైట్ అంచుతో కుస్తీ పట్టాలి. సన్నటి తీగను అడుగున దూర్చి, రంపంలా ఆడిస్తూ కోసి లేపాం. శుభ్రం చేసి ఫోమ్ పట్టీ వేసి పెట్టాం. సింకుకూ గ్రానైట్ అడుగుకూ మధ్య ఉన్న సీలు ఎక్కడా వదలలేదు, క్లిప్పులూ బిగువుగానే ఉన్నాయి. దాన్ని ముట్టుకోలేదు. బాగా పనిచేస్తున్న జాయింటును "ఎలాగూ వచ్చాం కదా" అని పీకడం నాకు నచ్చని అలవాటు.

తీయడం వేయడం కంటే పెద్ద పని

"ఇంకో పొర కొట్టేస్తే సరిపోదా అండీ?" అని ఆయన మళ్లీ అడిగారు. ఆరి, సబ్బు జిడ్డు పట్టిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. వాళ్ల రెండో పొర చెప్పింది అదే. కాబట్టి మొత్తం తీయాల్సిందే.

రాతి మీద ప్లాస్టిక్ స్క్రాపర్, టైల్ గ్లేజు మీద దాదాపు పడుకోబెట్టిన బ్లేడు వాడాం. పట్టీ పోయాక కంటికి కనపడని పొర ఒకటి మిగులుతుంది, పనిని చెడగొట్టేది అదే. దానికి సిలికాన్ రిమూవర్ జెల్ పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, గీకి, తుడిచాం. జెల్ రాతికి పనికొస్తుందో లేదో కూడా ఆ స్టూలు ముక్క మీదే ముందు చూశాం. పొర పోయిందా లేదా అని తెలుసుకోవడానికి నీటి చుక్క వేసి చూడమంటారు, చుక్క ముత్యంలా నిలబడితే సిలికాన్ ఇంకా ఉన్నట్టు అని. పాలిష్ చేసి, నీళ్లు ఇంకకుండా సీలర్ పూసిన గ్రానైట్ మీద శుభ్రమైన చోట కూడా చుక్క ముత్యంలాగే నిలబడుతుంది, కాబట్టి ఈ పరీక్ష అక్కడ మోసం చేస్తుంది. నేను నమ్మేది వేరేది. శుభ్రం చేసిన చోట కొత్త సిలికాన్ వేలెడు పొడవు గీసి, పూర్తిగా ఆరాక కొస పట్టుకుని లాగుతాను. తెగితే సరే. ఒలిచినట్టు వస్తే మళ్లీ మొదటికి.

గ్రౌట్‌ను ఆసిలేటింగ్ కటర్‌తో, అంటే బ్లేడు అటూ ఇటూ వేగంగా ఊగే కటర్‌తో, తీశాం. దుమ్మంతా ఈ దశలోనే లేస్తుంది, మాస్కు తప్పనిసరి. ఎంత ఊడ్చినా బ్రష్షుతో గ్రౌట్ పొడి పోదు. సన్నమూతి వ్యాక్యూమ్‌తో గ్యాపు లోపలి నుంచి లాగాలి. మొదటిసారి గ్రానైట్ వైపు పట్టు వదలడానికి కారణమైన పొడి ఇదే మరి.

మూలలో సిలికాన్ లోపల నల్లటి చుక్కలు పడి ఉన్నాయి. ఫంగస్ పైన ఉంటే బ్లీచ్‌తో పోతుంది, సిలికాన్ లోపలికి దిగితే ఎంత రుద్దినా పోదు, కోసి తీయడమే. తీశాక గ్యాపును పలచటి బ్లీచ్ నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాం. బ్లీచ్ ఉన్నచోట వెనిగర్ గానీ, అమ్మోనియా ఉండే క్లీనర్ గానీ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఇంట్లో వాళ్లే చేసుకునే పని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పి వచ్చాను.

తర్వాత అందరికీ విసుగు పుట్టించే దశ: ఏమీ చేయకుండా ఆగడం. తడిసిన ప్లైవుడ్‌ను మూసేస్తే తడి లోపలే ఉండి కుళ్లుతుంది. ఉబ్బిన ముక్క కోసి తీసేసి, క్యాబినెట్ తలుపులు తెరిచి, ఫ్యాను పెట్టి, గ్యాపును తెరిచే ఉంచాం. ఆ రోజుల్లో సింకు వెనక నీళ్లు పడకుండా చూసుకునే బాధ్యత ఆవిడ తీసుకున్నారు. "పండగ ముందు అయిపోతుందా?" అని ఆయన కంగారు. ప్లై ఆరేదాకా ట్యూబు తెరవనన్నాను.

వేయడం

పక్క గోడ దగ్గర గ్యాపు లోతు పలక మందమంత, అంటే రెండు సెం.మీ. వెనక్కి పోయేకొద్దీ గ్యాపు ఏడు మి.మీ. దాకా వెడల్పయింది. అక్కడ గ్యాపు కంటే పాతిక శాతం లావైన బ్యాకర్ రాడ్, అంటే తొమ్మిది మి.మీ. పాలిథిలిన్ ఫోమ్ తాడు, మొండి పుల్లతో నెట్టాం. సిలికాన్‌కు ఆరు మి.మీ. లోతు మిగిలేలా చూశాం. స్క్రూడ్రైవర్ మొనతో నెడితే ఫోమ్‌కు చిల్లులు పడి, లోపలి గాలి బయటికి వచ్చి సిలికాన్‌లో బుడగలు లేస్తాయి. పాలిథిలిన్‌కు సిలికాన్ అంటుకోదు కాబట్టి వెనక ముఖం వదులుగా ఉంటుంది, రెండు పక్కలా మాత్రమే పట్టు. టైల్ కింద మూడు మి.మీ. గ్యాపులో రాడ్‌కు చోటు లేదు. అక్కడ పాలిథిలిన్ టేపును సన్నటి పట్టీగా కోసి గ్యాపు అడుగున పరిచాం.

ఎంత సిలికాన్ కావాలో ముందే లెక్కేసుకుంటే పని మధ్యలో పరుగెత్తక్కర్లేదు. ఆరు మి.మీ. వెడల్పు, ఆరు మి.మీ. లోతు జాయింటుకు 300 మిల్లీలీటర్ల ట్యూబు ఎనిమిది మీటర్ల పైచిలుకు వస్తుంది. వీళ్లకు ఒకటి చాలు. అయినా రెండు తెప్పించాను, మూల దగ్గర ట్యూబు అయిపోవడం కంటే చికాకు ఇంకోటి లేదు.

రెండు గుడ్డలతో తుడవడం నా నియమం. మొదటి గుడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడుస్తాను, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడుస్తాను. ఒకే గుడ్డతో తుడిచి ఆరనిస్తే జిడ్డు కరిగి, మళ్లీ అక్కడే పేరుకుంటుంది. ఆ తర్వాత గ్యాపుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు. చేయి తిరిగినవాళ్లు టేపు లేకుండా గీస్తారు. సొంతంగా చేసుకునేవాళ్లు టేపు మానకూడదు.

నాజిల్‌ను ఏటవాలుగా, గ్యాపు కంటే కాస్త సన్నటి రంధ్రం వచ్చేలా కోయాలి. వీళ్లు మొదటిసారి వేలెడు లావు కోశారట, అందుకే అవసరానికి మూడింతలు సిలికాన్ వచ్చి పడింది. ట్యూబు బిగించి నొక్కే గన్‌ను ముందుకు నెట్టాలా, వెనక్కి లాగాలా అని వాదించుకుంటారు. నేను నెడతాను, మూతి ముందు సిలికాన్ గ్యాపులోకి తోసుకుంటూ పోతుంది. లాగినా తప్పేం లేదు, లోపల గాలి మిగలకపోతే చాలు. ఆపాల్సి వస్తే మూలలో ఆపొద్దు, నడిమధ్యలో ఆపండి.

వేశాక ఒక్క గీతలో సర్దాలి. సబ్బునీళ్లు చిలకరించి వేలితో రుద్దడం అందరికీ అలవాటు. ఆ నీళ్లు సిలికాన్ అంచు కిందికి పోతే అక్కడ పట్టు ఉండదు. సిలికాన్‌ను నున్నగా సర్దే పొడి ప్లాస్టిక్ ప్రొఫైలింగ్ ముక్కతో ఒకసారి లాగి, వెంటనే, పైన చర్మం కట్టకముందే, టేపును ఏటవాలుగా లాగేశాం. చర్మం కట్టాక లాగితే అంచు టేపుతోపాటు లేస్తుంది. టేపు ఒక వైపు ఆవిడ, ఒక వైపు ఆయన లాగారు. ఈసారి గన్ కూడా ఎక్కువసేపు ఆవిడ చేతిలోనే ఉంది, ఆవిడ చెయ్యి వణకదు.

సిలికాన్ గాలిలోని తేమతో పై నుంచి లోపలికి ఆరుతుంది, సుమారుగా రోజుకు రెండు మూడు మి.మీ. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆరు మి.మీ. లోతుకు రెండు మూడు రోజులు పడుతుంది, గాలి పొడిగా ఉంటే ఇంకా ఎక్కువ. సింకును సగం నీళ్లతో నింపి ఉంచి సిలికాన్ కొట్టించాను, అది ఆరేదాకా ఆ నీళ్లు తీయనివ్వలేదు. కాళ్లు సరిచేశాక ఇది అంత అవసరం కాదు. అయినా ఏ కొంచెం దిగుడు మిగిలి ఉన్నా, జాయింటు తెరుచుకున్న స్థితిలోనే ఆరితే తర్వాత దానికి సాగే పని తక్కువ, నలిగే పని ఎక్కువ. సిలికాన్‌కు నలగడం సులువు.

తర్వాత

మళ్లీ వెళ్లి చూసినప్పుడు సింకు వెనక జాయింటు రెండు వైపులా పట్టుకునే ఉంది. నిండు సింకుతో కార్డు పరీక్ష మళ్లీ చేశాం, దూరలేదు. పక్క గోడ దగ్గర కూడా చీలిక లేదు. టైల్ మూల తిరిగే చోట గ్రౌట్ తీసి అదే రంగు సిలికాన్ వేశాం, అదీ బాగుంది. గ్రానైట్ మీద పాత మరక వెలుతురు పక్కగా పడితే ఇంకా కనిపిస్తోంది.

ఒక చోట మాత్రం, కత్తిపీట తగిలి కాబోలు, చిటికెన వేలంత కోత పడింది. దాని మీద పూయొద్దన్నాను. కోతకు అటూ ఇటూ కొంత కలిపి, శుభ్రమైన అంచు వచ్చేలా బ్లేడుతో కోసి తీసేసి, ఆల్కహాల్‌తో రెండు గుడ్డల పద్ధతిలో తుడిచి, అదే కంపెనీ అదే రకం సిలికాన్ నింపించాను. జిడ్డు పట్టిన పాత ముఖానికి అంటుకోదు గానీ, అప్పుడే కోసిన శుభ్రమైన ముఖానికి అదే రకం సిలికాన్ బాగానే పట్టుకుంటుంది. మిగిలిన ట్యూబు మూతికి టేపు చుట్టి, దాని మీద తెరిచిన తేదీ రాసి, గ్రానైట్ ముక్క ఉన్న స్టూలు కింద పెట్టుకున్నారు.